దుబాయ్‌లో 10 వేల దిర్హాముల జీతం.. ఊళ్లో షావుకారు, అక్కడ మామూలు మనిషి!

ఇందల్వాయిలో ఎవరి అబ్బాయికైనా దుబాయ్‌లో నెలకు 10,000 దిర్హాముల నౌకరీ దొరికిందంటే ఆ ముచ్చట సాయంత్రానికల్లా ఊరంతా తిరుగుతుంది. దిర్హామ్‌కు 23 రూపాయల లెక్క వేసుకున్నా అది 2 లక్షల 30 వేలు. ‘ఇక వాళ్లకేం తక్కువ’ అంటారు అందరూ. కానీ భార్యాపిల్లలను అక్కడికి తీసుకెళ్లిన తర్వాత అదే అబ్బాయి ఇంటికి పైసలు పంపడానికి తంటాలు పడితే, ‘అంత తన్ఖా ఏమైపోతోంది?’ అన్న ప్రశ్న మొదలవుతుంది. అన్నదమ్ముల మధ్య అపార్థాలు కూడా ఇక్కడే పుడతాయి. నిజామాబాద్, ఆర్మూర్, బోధన్ ప్రాంతాల్లో గల్ఫ్‌తో సంబంధం లేని గల్లీ అరుదు. అందుకే ఈ లెక్క ప్రతి ఇంటికీ తెలిసి ఉండటం అవసరం.

వినేది రూపాయల్లో.. బతికేది దిర్హాముల్లో

యూఏఈ దిర్హామ్ విలువ 1997 నుంచి డాలర్‌కు 3.6725 దగ్గర స్థిరంగా ఉంది. పడుతూ వస్తున్నది మన రూపాయే. 2010లో ఒక దిర్హామ్‌కు సుమారు 12 రూపాయల 50 పైసలు వచ్చేవి. ఆ తర్వాత అది 23 దాటింది. అంటే 10,000 దిర్హాముల జీతం పైసా పెరగకున్నా, ఊళ్లో వాళ్లకు 1 లక్షా 25 వేల నుంచి 2 లక్షల 30 వేలకు పెరిగినట్టు కనబడుతుంది. కానీ రూపాయి పడిపోయిందని అక్కడి ఇంటి ఓనర్ కిరాయి తగ్గించడు, స్కూల్ ఫీజు మాఫ్ కాదు.

ఒకే జీతం.. రెండు బతుకులు

ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం. ఒంటరిగా ఉండే వ్యక్తి బెడ్‌స్పేస్‌కు 900, మెస్‌కు 700, రాకపోకలు, ఫోన్‌కు 400 ఖర్చు పెట్టాడనుకుంటే మొత్తం 2,000 దిర్హాములు. మిగిలేది 8,000. అంటే 1 లక్షా 84 వేల రూపాయలు.

అదే మనిషి భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకెళ్తే కథ మారిపోతుంది. కిరాయి 4,000, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ 1,000, పిల్లల ఫీజులు 1,800, సరుకులు 1,500, రాకపోకలు 600, మందులు, చిల్లర ఖర్చులు 400. మొత్తం 9,300. మిగిలేది 700 దిర్హాములు, అంటే 16,100 రూపాయలు. ఏడాదికోసారి నలుగురికీ విమానం టికెట్లు కొంటే అది కూడా నిలవదు. దుబాయ్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదన్నది నిజమే. అయితే ఏడాది కిరాయిలో 5 శాతం హౌసింగ్ ఫీజు కరెంటు బిల్లుతో కలిసి వస్తుంది. 2018 జనవరి నుంచి 5 శాతం వ్యాట్ కూడా ఉంది.

సౌదీలో లెక్క ఇంకా బరువు

సౌదీ అరేబియా 2017 జూలైలో కుటుంబ సభ్యుల మీద ఫీజు మొదలుపెట్టింది. మొదట మనిషికి నెలకు 100 రియాళ్లు. ఏటా 100 పెరుగుతూ 2020 నాటికి 400 అయింది. భార్య, ముగ్గురు పిల్లలుంటే నెలకు 1,600, ఏడాదికి 19,200 రియాళ్లు. రియాల్‌కు 22 రూపాయల 50 పైసల చొప్పున చూసినా 4 లక్షల 30 వేల పైమాటే. వ్యాట్ కూడా 2020 జూలైలో 5 నుంచి 15 శాతానికి పెరిగింది. చాలామంది కుటుంబాలను ఇండియాకు పంపించి, మళ్లీ ఒంటరిగా బతకడానికి కారణం ఇదే.

పట్నంలో అన్నీ ఎందుకు పిరం?

బంగారం, మొబైల్ ఫోన్ లాంటివి దేశాలు దాటి వచ్చే సరుకులు. వాటి ధరలో ఇక్కడికీ అక్కడికీ మరీ పెద్ద తేడా ఉండదు. కానీ కటింగ్ షాపును, ఇంటి గదిని, స్కూల్ టీచర్‌ను ఓడలో తెప్పించుకోలేం. ఎక్కువ జీతాలున్న నగరంలో క్షురకుడు కూడా అక్కడి కిరాయి కట్టాలి, అక్కడి తిండి తినాలి. అందుకే అతని రేటూ పెరుగుతుంది. ఆర్థికవేత్తలు బేలా బలాస్సా, పాల్ శామ్యూల్సన్ 1964లో వివరించిన సూత్రం సారాంశం ఇదే. హైదరాబాద్‌లో లక్ష జీతం తీసుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి కూడా ఇదే వర్తిస్తుంది. గచ్చిబౌలి కిరాయి, ఫ్లాట్ ఈఎంఐ, స్కూల్ ఫీజు పోను మిగిలేది చూస్తే, ఇందల్వాయిలో సొంతిల్లు ఉండి 40 వేలు సంపాదించేవాడే నిమ్మళంగా కనిపిస్తాడు.

పక్కింటితో పోలిక

ఇంకో సంగతి మనసుకు సంబంధించింది. అందరికీ 25 వేల డాలర్లు వచ్చేచోట నీకు 50 వేలు కావాలా, లేక అందరికీ 2 లక్షలు వచ్చేచోట నీకు లక్ష కావాలా అని హార్వర్డ్ పరిశోధకులు అడిగారు. ధరలు రెండుచోట్లా ఒకటేనని ముందే చెప్పారు. 1998లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో సుమారు సగం మంది 50 వేలనే ఎంచుకున్నారు. మనిషి తన సంపదను పక్కవాడితో కొలుచుకుంటాడు. దుబాయ్‌లో పక్కన నిలిచేది పెద్ద కారు, ఊళ్లో పక్కన నిలిచేది పాత బైక్.

అసలు కొలత ఏది?

జకాత్ లెక్క ఇక్కడ మంచి దారి చూపుతుంది. ఏడున్నర తులాల బంగారం లేదా యాభై రెండున్నర తులాల వెండి విలువ మేరకు సొమ్ము ఉన్నవారు సాహిబె నిసాబ్. అక్కడ చూసేది జీతం స్లిప్ కాదు. అవసరాలు, అప్పులు పోను మిగిలి, చాంద్రమాన సంవత్సరం పాటు నిలిచిన సొమ్మును చూస్తారు.

యూఏఈలో 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఉంటే కుటుంబ వీసాకు అడగవచ్చు. కానీ వీసాకు అర్హత వేరు, సంసారం నడపడం వేరు. కిరాయి, ఫీజులు, వీసా ఖర్చులు, టికెట్లు కాగితం మీద రాసుకున్నాకే ఆ నిర్ణయం తీసుకోవాలి. ఆ కాగితం ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకూ చూపించాలి. పిల్లలు తండ్రి దగ్గర పెరగడం కూడా ఒక సంపదే, అది ఏ లెక్కలోనూ రాదు. కాకపోతే దాని కోసం ఊరికి పంపే డబ్బు ఎంత తగ్గుతుందో ఇంటిల్లిపాదికీ ముందే తెలియాలి. రిష్తా చూసేటప్పుడు కూడా ‘అబ్బాయికి తన్ఖా ఎంత?’ అన్న ప్రశ్నతో ఆగకుండా, ‘ఎక్కడ ఉంటాడు, నెలాఖరుకు ఎంత మిగులుతుంది?’ అని అడిగితే రెండు కుటుంబాలకూ మేలు.