ఆఫీసులో కాపురం పెట్టాలంటే

"ఇన్ని ఆఫీసులు ఖాళీ అవుతున్నాయి, ఇళ్ళు లేనివాళ్ళకు ఇచ్చేయరాదూ?" అని మనలో చాలామంది అనుకుంటాం. 2023 జనవరిలో కొత్తగూడెంలోనూ, ఖమ్మంలోనూ కొత్త కలెక్టరేట్లు తెరిచి, తలో చోట ఉన్న శాఖలను ఒక్క కప్పు కిందికి తెచ్చినప్పుడు మా వీధిలోనూ ఈ మాటే నడిచింది. మంచిమాటే. కానీ గోడలుంటే ఇల్లయిపోదు కదండీ!

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ వారం మా పిన్ని పునరావాస కేంద్రంగా మార్చిన ఒక బడిలో తలదాచుకుంది. "గది బాగానే ఉందే, ఫ్యానూ ఉంది. పసిదానికి పాలు కాచుకునే చోటే లేదు" అంది. ఆఫీసూ అంతే, పగటిపూట మనుషుల కోసం కట్టింది.

అన్నిటికన్నా చిక్కు నీళ్ళది. ఆఫీసులో మరుగుదొడ్లన్నీ అంతస్తుకొక మూల ఉంటాయి. పది కాపురాలంటే పది వంటిళ్ళు, పది స్నానాల గదులు. మురుగు గొట్టానికి వాలు కావాలి, వాలు కోసం నేల ఎత్తు చెయ్యాలి, ఎత్తు చేస్తే పైకప్పు నెత్తిమీదికొస్తుంది. నీళ్ళ ట్యాంకు కూడా చాలదు. ఆఫీసువాళ్ళు అక్కడ బట్టలుతుక్కోరు, అంట్లు తోముకోరుగా! బరువుకు మాత్రం భయం లేదు. ఫైళ్ళ బీరువాలు మోసే స్లాబును ఇంటి స్లాబుకన్నా ఎక్కువ బరువుకే లెక్కవేస్తారు.

తరవాత వెలుతురు. పెద్ద ఆఫీసు నడిమి భాగంలో ట్యూబులైటే సూర్యుడు. ఇంగ్లండులో 2013 నుంచి మామూలు ప్లానింగు అనుమతి లేకుండానే ఆఫీసుల్ని ఇళ్ళుగా మార్చనిచ్చారు. కొందరు కిటికీల్లేని గదులు కూడా కట్టేశారు. గోల పుట్టాక, 2020లో నివాసపు గదులన్నిటికీ పగటి వెలుతురు ఉండాలన్నారు. మరుసటేడు ఇల్లు 37 చదరపు మీటర్లకు, అంటే సుమారు 400 చదరపు అడుగులకు తగ్గరాదన్నారు. న్యూయార్కులో 25 వాటర్ స్ట్రీట్ భవనానికైతే నడిమి స్లాబులు కోసి, వెలుతురుకు ఖాళీలు తీసి, 1,300 పైచిలుకు ఇళ్ళు చేశారు. మన మండువా లోగిళ్ళవాళ్ళు ఎప్పుడో చేసిన పనే!

అందుకే నా మట్టుకు నాకు అద్దాల మేడలకన్నా, వరండా వెంట ఒకే వరసలో గదులున్న పాత పెంకుల కచేరీలే సులువనిపిస్తాయి. గదికి రెండువైపులా గాలి, వెనకవైపు వంటిల్లు దించుకోవచ్చు, మురుగు నేరుగా బయటికిపోతుంది. దూలాలకు చెదలు పట్టిందేమో చూసుకోవాలి, అంతే.

ఈ మాటే పిన్నితో అంటే, "అంతకన్నా ముందు, ఆ ఏడు వరద నీటి గుర్తు గోడమీద ఎక్కడుందో చూడవే" అంది.