సభ్యుడికి ముందు పని చెప్పండి

గల్ఫ్‌లో మన సేవా సంఘాలకు ఉగాదికి వచ్చినంత జనం మరెప్పుడూ రారు. పచ్చడి, భోజనం, ఫొటోలు అయ్యాక వందమంది పేర్లు రాసుకుంటాం. తర్వాత నెల ఆస్పత్రిలో ఉన్న మనిషికి తోడు కావాలని ఫోన్ చేస్తే ఒకరు డ్యూటీ అంటారు, ఇంకొకరు ఫోనే ఎత్తరు. 'మనవాళ్లకు సేవాభావం లేదు' అని కమిటీవాళ్లు తేల్చేస్తారు. దుబాయ్‌లో పన్నెండేళ్లుగా సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తూ, ఇలాంటి బృందంతో తిరుగుతున్న నాకు మాత్రం ఆ మాట నిజమనిపించదు.

సైట్ మీదకు కొత్త మనిషి వస్తే ఫోర్‌మన్ మొదటిరోజే ఏదో ఒక పని చూపిస్తాడు. రెండురోజులు ఊరికే నిలబెడితే మూడోరోజు అతను నీడ వెతుక్కుంటాడు. సంఘంలోనూ అంతే. పేరు రాసుకున్న వారంలోపే చేతనైన చిన్న పని అప్పగించాలి. అరబ్బీ, మలయాళం వచ్చినవాళ్లను ఆస్పత్రికి తోడు పంపాలి. చదువుకున్న కుర్రాళ్లను క్యాంపుల్లో కాగితాలు చూడమనాలి.

కాగితాలంటే గుర్తొచ్చింది. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ మీద వచ్చే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల బీమా. చాలామందికి ఏజెంటే కట్టేస్తాడు. కాగితం పెట్టె అడుగున పడుంటుంది, ఊళ్లో భార్యకు సంగతే తెలియదు. గది గదికీ వెళ్లి గడువు, నామినీ పేరు చూసి, ఆ కాగితం ఫొటో ఇంటికి పంపించడం గంట పని. ఆ పని చేసినవాళ్లు మళ్లీ వస్తారు. తమవల్ల ఏం జరిగిందో కళ్లారా చూశారు గనక.

రెండోది, మీటింగే మనుషుల దగ్గరకు వెళ్లాలి. 1905లో షికాగోలో పాల్ హారిస్ మొదలుపెట్టిన క్లబ్బుకు రోటరీ అనే పేరు ఎందుకొచ్చిందంటే, మొదట్లో సభ్యుల ఆఫీసుల్లో వంతులవారీగా కూర్చునేవాళ్లు. మనకు ఆఫీసుల్లేకపోతేనేం, సోనాపూర్, అల్ కూజ్, జెబెల్ అలీ క్యాంపులున్నాయి. కరామాలో హోటల్లో పెడితే టాక్సీకి డబ్బులున్నవాళ్లే వస్తారు. చాలా సైట్లలో వారానికి ఒక్కరోజే సెలవు. ఆరోజే బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి ఫోన్ చేసుకోవాలి. అందుకే మీటింగు గంట దాటకూడదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండపనికి విరామం ఉంది కదా అని అప్పుడు పిలవకండి. ఆ కునుకు కార్మికుడి హక్కు.

మూడోది డబ్బు. యూఏఈలో అనుమతి లేకుండా విరాళాలు వసూలు చేయడం నేరం. 2021లో దీనికి ఫెడరల్ చట్టమే తెచ్చారు. మా బృందం అనుమతి ఉన్న సంస్థ కిందే నడుస్తుంది, సభ్యులను సమయమే అడుగుతుంది. డబ్బు అవసరమైన కేసును కాన్సులేట్‌కు చేరుస్తాం. 2009లో కేంద్రం పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉన్నది అందుకే. దిక్కులేనివారి మృతదేహాలను ఇంటికి పంపడానికీ అది ఉపయోగపడుతుంది. డబ్బు మాట లేనిచోట అనుమానం ఉండదు, అనుమానం లేనిచోట మనిషి నిలుస్తాడు.

అన్నిటికన్నా మనుషులను దూరం చేసేది పట్టించుకోకపోవడం. జగిత్యాల వైపు తాపీమేస్త్రీ ఒకాయన, కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్న కుర్రాడి దగ్గర మూడువారాలు రోజూ డ్యూటీ దిగాక కూర్చున్నాడు. వార్షికోత్సవంలో శాలువాలు మాత్రం వేదిక మీది పెద్దలకే పడ్డాయి. ఆయన ఏమీ అనలేదు, రావడం మానేశాడు. రెండునెలల తర్వాత ఆ కుర్రాడే కర్ర పట్టుకుని ఆయన గదికి వెళ్లాడు. 'అన్నా, నువ్వు లేకుంటే నేను ఆగమయ్యేటోణ్ణి' అన్నాడు. ఆ పై వారం ఇద్దరూ కలిసి వచ్చారు.

ఇక్కడ ఎవరూ శాశ్వతం కాదు. వీసా అయిపోతుంది, కంపెనీ మారుతుంది, పిల్ల పెళ్లి వస్తుంది. అందుకే ప్రతి పనికీ పాత మనిషి పక్కన కొత్త మనిషిని పెట్టాలి. ఇక ఊరికి వెళ్లిపోయినవాళ్ల పేర్లు పుస్తకంలో కొట్టేయకండి. శంషాబాద్‌లో శవపేటిక దిగిన రాత్రి ఆ ఇంటివాళ్ల పక్కన నిలబడటానికి, ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో చెప్పడానికి వాళ్లకన్నా తెలిసినవాళ్లు ఎవరున్నారు?