మనం వ్రాసుకొన్న ఫంక్షన్ల పట్టిక

ప్రమేయం అంటే ఏమిటో మనమందరం ఇంటర్మీడియట్ గణితంలో చదువుకొన్నదే. ఒక విలువను ఇస్తే, నియమం ప్రకారం మరొక విలువను ఇచ్చేది ప్రమేయం. కంప్యూటరు డేటాబేస్‌లో కూడ ఇటువంటివి ఉంటాయి. వాటిని ఫంక్షన్లు అంటారు. కొన్ని ఆ వ్యవస్థతోనే వస్తాయి. కొన్నింటిని వాడేవారు తమ అవసరాన్నిబట్టి వ్రాసుకొంటారు. ఈ రెండవ రకం వాటిని పట్టికగా చూచుకొనే పద్ధతిని పాఠకులకు వివరింపదలచాము.

మన ప్రాంతం నుండే ఒక ఉదాహరణ ఊహించుకొందాము. ఒక కళాశాల కార్యాలయంలో, మండలం పేరు ఇస్తే జిల్లా పేరు చెప్పే ఫంక్షన్‌ను పూర్వం ఎవరో వ్రాశారు. పాలకొండ అని అడిగితే శ్రీకాకుళం అని చెబుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోను, రాజాం విజయనగరం జిల్లాలోను చేరాయి. అప్పుడు మరొక ఉద్యోగి అదే పేరుతో క్రొత్త ఫంక్షన్ వ్రాశారు. అయితే అది మండలం పేరును గాక, మండలం సంఖ్యను తీసుకొంటుంది. పాతది రద్దయిందని ఆయన భావించారు. కాని అది అలాగే ఉంది! పేరుతో అడిగినప్పుడల్లా పాతదే బదులిస్తుంది. పాలకొండ విద్యార్థి ఉపకారవేతన దరఖాస్తుపై శ్రీకాకుళం జిల్లా అని పడుతుంది.

ఈ పొరపాటును బయటపెట్టేది పట్టికయే. 1986లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్య మైకేల్ స్టోన్‌బ్రేకర్ ఆరంభించిన పరిశోధన నుండి పుట్టిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను తీసుకొందాము. దాని ఆదేశ తెరపై బ్యాక్‌స్లాష్ గుర్తు, దాని వెంట డి, ఎఫ్ అక్షరాలు కొడితే చాలు. ప్రతి ఫంక్షన్ ఏ విభాగంలో ఉన్నదీ, దాని పేరు, అది ఇచ్చే విలువ రకం, తీసుకొనే విలువల రకాలు వరుసగా కనిపిస్తాయి. మామూలుగా మనం వ్రాసినవే వస్తాయి. వ్యవస్థతో వచ్చినవి కూడ కావాలంటే ఎస్ అక్షరం చేర్చాలి. హాజరు పట్టీలో ఒకే పేరుగల ఇద్దరిని తండ్రి పేరుతో గుర్తించినట్లు, ఇక్కడ ఒకే పేరుగల రెండు ఫంక్షన్లను అవి తీసుకొనే విలువల రకాన్నిబట్టి గుర్తిస్తాము. మైఎస్‌క్యూఎల్‌లోనైతే ‘షో ఫంక్షన్ స్టేటస్’ అనే ఆదేశం ఉంది. అది ఫంక్షన్‌ను సృష్టించిన తేదీని, మార్చిన తేదీని కూడ చూపుతుంది.

రెండు జాగ్రత్తలు అవసరం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పట్టికలో సాధారణంగా మన వెతుకుదారిలో ఉన్న విభాగాలే కనిపిస్తాయి. అన్ని విభాగాలూ చూడాలంటే ఆదేశం చివర నక్షత్రం, చుక్క, నక్షత్రం చేర్చాలి. ఇక పట్టిక పేర్లనే చెబుతుంది గాని, లోపలి నియమం తప్పో ఒప్పో చెప్పదు. అందుకు బ్యాక్‌స్లాష్‌తో ఎస్, ఎఫ్ కొట్టి, ఫంక్షన్ పేరు ఇచ్చి, దాని పాఠాన్ని స్వయంగా చదవాలి. పాతదానిపై ఇంకా ఏవి ఆధారపడి ఉన్నాయో విచారించిన తరువాతనే దానిని తొలగించాలి.

పట్టిక చూడటానికి నిమిషం పట్టదు. చూడకపోతే పడే శ్రమ మాత్రం వ్రాసినవారిది కాదు. దరఖాస్తు చేతబట్టుకొని కార్యాలయాల చుట్టూ తిరిగే విద్యార్థిది.