ఆ ఏడు మా ఇంటిపై నక్షత్రం లేదు

డిసెంబరు నెల వచ్చిందంటే మన పల్లెల్లో క్రైస్తవ గృహాలు ఎలా ఉంటాయో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. గోడలకు సున్నం, పిల్లలకు కొత్త బట్టలు, అరిసెల పాకం వాసన, రాత్రి పది దాటినా వీధిలో డోలక్ చప్పుడు. అయితే ప్రతి సంఘములోను ఆ నెల రాకుండా ఉంటే బాగుండునని కోరుకునే ఇల్లు ఒకటో రెండో ఉంటాయి. 2022లో ఆ ఇల్లు మాది.

ఆ సంవత్సరం సెప్టెంబరులో మా పెద్దవాడు మోటారు సైకిలు ప్రమాదంలో ప్రభువునందు నిద్రించాడు. వాడికి 22 ఏళ్లు. వెదురు బద్దలు కట్టి, రంగు కాగితాలు అంటించి, డాబా మీద నక్షత్రం నిలబెట్టడం చిన్నప్పటి నుంచీ వాడి పని. ఆ బద్దల చట్రం అటక మీద ఉంది. దాని వైపు చూడలేక ఆ గదిలోకి వెళ్లడమే మానేశాం.

ఏడాది తిరిగేదాకా ఇంట్లో పండుగ చేయకూడదని బంధువులన్నారు. మన ఊళ్లలో అందరికీ ఉన్న ఆనవాయితీయే అది. క్రైస్తవులమైనా మనమూ పాటిస్తూనే ఉన్నాం. మాకది ఊరటగానే తోచింది. కాని లోపల మాత్రం నలుగుడు తగ్గలేదు. పండుగ చేస్తే బిడ్డను మరచిపోయినట్టు. చేయకపోతే ప్రభువు పుట్టుకతో మాకు పని లేదన్నట్టు.

ఒక రాత్రి క్యారల్స్ పాడే యౌవనస్థులు మా వీధికి వచ్చారు. మా గుమ్మం దగ్గరకు రాగానే డోలక్ ఆపేశారు. అడుగుల చప్పుడు కూడా వినబడకుండా దాటి వెళ్లి, అవతలి ఇంటి ముందు మళ్లీ పాట ఎత్తుకున్నారు. మా మీది ప్రేమతోనే అలా చేశారు, వారిని తప్పు పట్టము. కాని దీపం ఆర్పి పడుకుని ఆ నిశ్శబ్దాన్ని విన్న మాకు, బిడ్డ రెండోసారి పోయినట్టనిపించింది.

మరునాడు మా సంఘములోని ఒక పెద్దమ్మ వచ్చింది. ఆమెది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు. ఆ లెక్కలో ఆమె భర్త, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఉప్పెన వచ్చిన 36వ రోజున క్రిస్మస్. ఇన్నేళ్లలో ఆమె ఆ సంగతి మాతో ఎన్నడూ ఎత్తలేదు.

"అమ్మాయ్, ఆ ఏడు ఆరాధనలో నాకు పెదవి కదల్లేదే. పక్కన కూర్చున్నావిడ నా చెయ్యి పట్టుకుని పాడింది. నా పాట కూడా ఆవిడే పాడింది. ఈ ఏడు నీ పాట నేను పాడతాలే. నువ్వొచ్చి ఊరికే కూర్చో" అంది.

అంతే. దేవుని చిత్తమని గాని, ఇంకా ఒక కొడుకున్నాడు కదా అని గాని అనలేదు. ఈ రెండు మాటలూ ఆ మూడు నెలల్లో మేము ఎన్నిసార్లు విన్నామో!

పండుగనాడు పాత బట్టలతోనే వెళ్లి తలుపు దగ్గర కూర్చున్నాం. రెండో పాటకే లేచి బయటికి వచ్చేశాం. వేపచెట్టు కింద కాసేపు నిలబడి మళ్లీ లోపలికి వెళ్లాం. ఆ ఉదయం అయ్యగారు మత్తయి సువార్త 2వ అధ్యాయమును జ్ఞానులు తిరిగి వెళ్లిన చోట ఆపలేదు. ఆ తరువాత జరిగినదీ చదివారు. బేత్లెహేములో పసివారి హత్య, ఊరుకోబెట్టినా ఊరుకోని తల్లుల ఏడుపు. మన క్రిస్మస్ నాటికల్లో హేరోదుకు పెద్ద మీసాలు పెట్టి అందరినీ నవ్విస్తాం గాని, ఆ తల్లుల దగ్గరకు వచ్చేసరికి తెర దించేస్తాం. నక్షత్రము నిలిచిన ఊరిలోనే ఆ ఏడుపూ వినబడిందని, దానిని దాచకుండా వ్రాయించినవాడు దేవుడేనని మేము ఆ దినమున మొదటిసారి గ్రహించాం.

అప్పటి నుంచి పరిశుద్ధ గ్రంథమును వేరు కన్నులతో చదవసాగాం. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది. అయినా అది కూడా దేవునికి చేసిన ప్రార్థనే. ఎజ్రా 3వ అధ్యాయములో దేవాలయపు పునాది వేసినప్పుడు కొందరు సంతోషముతో కేకలు వేశారు, పాత మందిరమును చూసిన వృద్ధులు గట్టిగా ఏడ్చారు. ఏది ఏ శబ్దమో జనులకు తెలియలేదట. ఏడ్చేవారిని ఎవరూ బయటికి పంపలేదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు కన్నీరు పెట్టాడు. థెస్సలొనీక సంఘమునకు పౌలు వ్రాసినదీ దుఃఖించవద్దని కాదు, నిరీక్షణ లేనివారివలె దుఃఖించవద్దని. ఈ తేడా తెలియడానికి మాకు చాలా కాలం పట్టింది.

2023 ఏప్రిల్ 9న ఈస్టరు. మన వాడుక ప్రకారం తెల్లవారక ముందే సమాధుల తోటకు వెళ్లాం. సున్నం వేసిన సమాధుల మీద వరుసగా కొవ్వొత్తులు. మా వాడి దగ్గర కొవ్వొత్తి గాలికి రెండుసార్లు ఆరిపోయింది. చిన్నవాడు దోసిలి అడ్డం పెట్టి మళ్లీ వెలిగించాడు. పశువుల తొట్టిలో పుట్టినవాడు సమాధిని కూడా తెరిచినవాడు కాకపోతే, మావంటివారికి క్రిస్మస్ వల్ల ఏమి ఆదరణ? ఆ చీకటిలో నిలబడి మేము అడుగుకున్నది అదే. జవాబు చెప్పగల ధైర్యం కూడా అక్కడే కలిగింది. బాధ తీరిందని చెప్పము. తీరలేదు.

సంఘ పెద్దలకు, యౌవనస్థులకు ఒక మనవి. మీ సంఘములో ఈ ఏడు అటువంటి ఇల్లు ఉంటే, ఊహించుకుని దాటిపోకండి. ముందుగా వెళ్లి అడగండి. వద్దంటే నొచ్చుకోకండి, మరుసటి ఏడు మళ్లీ అడగండి. పోయినవారి పేరు పలకడానికి జంకకండి. ఆ పేరు ఇంకొకరి నోట వినాలని ఆ ఇంటివారు ఎంత ఆశపడతారో మీకు తెలియదు.

2023 డిసెంబరులో మా యౌవనస్థుల నాయకుడు అలాగే వచ్చాడు. "మీ గుమ్మంలో పాడమంటారా అంకుల్, వద్దంటారా?" అని అడిగాడు. పాడమన్నాం. నక్షత్రం ఇంకా అటక మీదే ఉంది. పెద్దవాడి డోలక్ మాత్రం అంతకు ముందే సంఘానికి ఇచ్చేశాం. దానిని ఇప్పుడు తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడు వాయిస్తున్నాడు. పాట మొదలైన కాసేపటికే తాళం తప్పాడు. మా చిన్నవాడు ఉండబట్టలేక బయటికి వెళ్లి, వాడి పక్కన కూర్చుని, తొడ మీద దరువు వేసి చూపించాడు.