మానసిక ఔషధాల క్రమ తగ్గింపు

మానసిక ఔషధాల క్రమ తగ్గింపు అనగా మనస్సుపై, ప్రవర్తనపై పనిచేసే మందుల మోతాదును వైద్యుని పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గిస్తూ, ఆ మందు ఇంకా అవసరమా అని పరిశీలించే పద్ధతి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని నర్సింగ్ హోములకు ఇది చట్టపరమైన బాధ్యత. తెలుగునాట నర్సింగ్ హోం అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో మాత్రం అది నిత్య సంరక్షణ అవసరమైన వృద్ధులు, రోగులు ఏళ్ళ తరబడి నివసించే గృహం.

నేపథ్యం

డిమెన్షియా ఉన్న వృద్ధులలో కొందరు కేకలు వేస్తారు, తిరుగాడుతారు, సంరక్షకులపై తిరగబడతారు. అట్టివారిని అదుపు చేయుటకు మందులతో మత్తులో ఉంచడాన్ని రసాయనిక బంధనం అంటారు. సిబ్బంది సౌకర్యం కోసం ఇట్లు చేయరాదని 1987 నాటి నర్సింగ్ హోముల సంస్కరణ చట్టం నిషేధించినది. డిమెన్షియా ఉన్న వృద్ధులకు కొత్త తరం యాంటీసైకోటిక్ మందులు ఇచ్చినపుడు మరణాలు సుమారు 1.6 నుండి 1.7 రెట్లు ఎక్కువగా ఉన్నట్లు 17 పరీక్షల ఆధారంగా 2005లో ఆ దేశపు ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించినది. 2008లో ఈ హెచ్చరికను పాత తరం మందులకు కూడా వర్తింపజేసినది.

నియమాలు

యాంటీసైకోటిక్ మందులు, కుంగుబాటు మందులు, ఆందోళన తగ్గించే మందులు, నిద్రమాత్రలు ఈ నియమాల క్రిందికి వస్తాయి. మందు మొదలుపెట్టిన మొదటి సంవత్సరంలో రెండు వేర్వేరు త్రైమాసికాలలో, కనీసం నెల రోజుల ఎడంతో, తగ్గింపు ప్రయత్నం జరగాలి. ఆ తరువాత ఏడాదికి ఒకసారి జరగాలి. తగ్గించుట రోగికి హానికరమని వైద్యుడు భావిస్తే, కారణాన్ని రికార్డులో వ్రాయాలి.

పద్ధతి

ముందుగా ప్రవర్తనకు మూలకారణం వెదకాలి. నొప్పి, మలబద్ధకం, మూత్రకోశ వ్యాధి, వినికిడి లోపం వంటి బాధలను చెప్పుకోలేని వృద్ధుడు కోపం రూపంలో వ్యక్తపరచవచ్చును. తరువాత సాధారణంగా ఒక్కొక్క మందునే కొద్దికొద్దిగా తగ్గిస్తూ నిద్ర, ఆహారం, నడక, ప్రవర్తనలను సిబ్బంది ప్రతిదినం గమనించి నమోదు చేయాలి. లక్షణాలు తిరిగి తలెత్తితే వైద్యుడు పూర్వపు మోతాదుకు మార్చవచ్చును.

జాగ్రత్తలు

తగ్గించడం వేరు, హఠాత్తుగా మానివేయడం వేరు. దీర్ఘకాలం వాడిన బెంజోడయాజెపైన్ మందులను ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు రావచ్చును. స్కిజోఫ్రీనియా వంటి వ్యాధులున్నవారికి మందు తగ్గిస్తే వ్యాధి తిరగబెట్టే ప్రమాదమున్నది. కావున కుటుంబసభ్యులు సొంతంగా మందులు ఆపరాదు. అయితే ప్రతి మందు ఎందుకు ఇస్తున్నారో, ఎప్పుడు పునఃపరిశీలిస్తారో వైద్యుని అడిగి తెలుసుకొనుట అవసరం.