జొన్నరొట్టె జ్ఞాపకము - దేశాంతర పాఠకుడు

వంటను గూర్చి వ్రాయువారు రెండు తెగలు. ఎట్లు వండవలెనో చెప్పువారు మొదటి తెగ. ఎవరు వండిరి, ఎవరికి వడ్డించిరి, ఆ యేట ఇంట గింజలున్నవా లేవా అని చెప్పువారు రెండవ తెగ. మొదటివారి గ్రంథమును పాకశాస్త్రమందుము. దానికి నలభీములను మూలపురుషులుగా చెప్పుకొందుము. రెండవవారి వ్రాతకు తెలుగున ఇంకను స్థిరమైన పేరు లేదు. భోజనస్మృతి యన్నచో అర్థము కాకపోదు. పేరు క్రొత్తదే కాని పని క్రొత్తది కాదు. శ్రీనాథునివని చెప్పుకొను చాటువులలో పలనాటి జొన్నకూటిపై విసుగు కలదు గదా. అదియు నొక భోజనస్మృతియే. కాని అది సన్నన్నమునకు అలవాటుపడిన అతిథి చెప్పినది. జొన్నకూడు తిని పుట్టి పెరిగినవారు ఆయనకేమి బదులు చెప్పిరో మనకు దక్కలేదు. ఇప్పుడా బదులును చెప్పవలసి వచ్చినచో, అదియు తెలుగు రానివారికి, జొన్నకంకిని ఎన్నడును చూడనివారికి చెప్పవలసి వచ్చినచో, ఎట్లు చెప్పవలెను? మా ప్రశ్న ఇంతే.

ఉదాహరణమునకు ఆలూరును తీసికొందము. కర్నూలు జిల్లాలో ఆదోనికి దక్షిణమున నున్న ఊరు ఇది. చుట్టును నల్లరేగడి. నదీజలము లేని చేలే హెచ్చు; వానిలో వాన వచ్చిననే పంట. 1953 అక్టోబరు 1వ తేదీ వరకు ఆలూరు బళ్ళారి జిల్లాలోని తాలూకా. ఆనాడు ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా బళ్ళారి మైసూరునకు చెందెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున నిలిచెను. గీత గీచినవారు భాషను లెక్కించిరి గాని వంటిండ్లను లెక్కింపలేదు. కావుననే బొరుగులను నీట నానబెట్టి, పిండి, తాళింపు పెట్టి, పుట్నాలపొడి చల్లి చేయు ఫలహారమును ఈవల 'ఉగ్గాని' యందురు. ఆవల 'ఒగ్గరణె' యందురు. కన్నడమున ఒగ్గరణె యనగా తాళింపు. ప్రక్కన మిరపకాయ బజ్జీ మాత్రము రెండు రాష్ట్రములలోను ఒక్కటే.

ఇక జొన్నరొట్టె. దీనిని వ్రాతలో పెట్టుట చూడ సులభము. జొన్నపిండి, నీరు, చిటికెడు ఉప్పు: ఇంతకన్న పదార్థములు లేవు. కాని ఈ పట్టిక చూచి ఒక పరదేశి రొట్టె చేయబూనినచో అది పెనము మీదికి చేరకమునుపే ముక్కలగును. కారణమేమనగా, గోధుమపిండిని సాగదీయు జిగురు జొన్నపిండిలో లేదు. అందుచేత నీరు మరుగవలెను. మరిగిన నీటికి జొన్నలోని పిండిపదార్థము కొంత ఉడికి, లేని జిగురునకు బదులుగా పనిచేయును. చేయి ఓర్చుకొనగలిగినంత వేడిలో మదాయించి, ముద్దను పీటపై నుంచి, పొడిపిండి చల్లి, అరచేతితో తట్టుచు త్రిప్పవలెను. అప్పడాల కర్రతో దీనికి పనిలేదు. పెనముపై వేసిన వెంటనే పైభాగమును తడిగుడ్డతో తుడుతురు. ఆ తడి ఆరగానే తిరుగవేయుదురు. తుదకు నిప్పులపై నిలిపినచో పొంగును. ఎంతసేపు మదాయించవలెనని అడిగినచో ఆ యింటి అవ్వ "చేతికే తెలుస్తుంది" అనును. ఆమె మాట నిజము. ఐనను ఆ చేయి ఓడనెక్కదు, తపాలాలో పోదు. పుస్తకము వ్రాయువాని చిక్కంతయు ఇక్కడనే కలదు.

ఈ చిక్కును విడదీయబూనిన ఒక యత్నము రాయలసీమ వంటకు సంబంధించినదే కలదు. జి. నిర్మలారెడ్డిగారు 1974లో 'వనిత వంటకాలు' అను గ్రంథమును తెలుగున ప్రకటించిరి. ఆమె మనుమరాలు అర్చన పిడతల దానిని ఆంగ్లమునకు తేవలెనని పూనుకొని, 2016లో 'ఫైవ్ మార్సెల్స్ ఆఫ్ లవ్' అను పేర స్వయముగా ప్రచురించెను. ఐదు ప్రేమ ముద్దలని దాని కర్థము. అది వట్టి అనువాదము కాదు. అమ్మమ్మ వంటలతోపాటు అమ్మమ్మను గూర్చిన జ్ఞాపకములును అందు చేరినవి. 2017లో అది 'ఆర్ట్ ఆఫ్ ఈటింగ్' బహుమానమునకు ఎంపిక చేసిన పుస్తకముల పట్టికలో నిలిచినది.

పేరును గమనింపుడు. ముద్ద యనునది మన భాషలో కొలత కాదు, సంబంధము. తల్లియో అవ్వయో పళ్ళెములో అన్నము కలిపి, చుట్టు కూర్చున్న పిల్లల చేతులలో పెట్టునది ముద్ద. మనకది నిత్యకృత్యము, ఎవరి పళ్ళెము వారిదేయైన దేశమున దానిని వివరించి చెప్పవలెను. 1974 నాటి గ్రంథము తెలుగు గృహిణి కొరకు గనుక ఆమె ఎరిగినదానిని చెప్పవలసిన పని దానికి లేదు. 2016 నాటి గ్రంథమునకు ఆ సౌకర్యము లేదు. అమ్మమ్మ చెప్పక విడిచినదే మనుమరాలు చెప్పవలసినది. ఒక వంటకము దేశము దాటునపుడు పెరుగునది ఈ భాగమే. జ్ఞాపకము అక్కడ చేరును.

తమిళమున ఇంతకుమునుపే ఇట్టిది జరిగినది. ఎస్. మీనాక్షి అమ్మాళ్ 1951లో 'సమైత్తుప్పార్' అను వంటల పుస్తకమును వెలువరించెను. అది పిమ్మట ఆంగ్లమునకు పోయి, పరదేశములకు కాపురము పోవు పడుచుల పెట్టెలలో చోటు సంపాదించినది. కాని అందలి పాఠకురాలు ఇంటి రుచిని ఎరిగి, దానిని తిరిగి పొందగోరునది. ఇంటి రుచినే ఎరుగని పాఠకుని మాట వేరు.

అట్టి పాఠకునికి మాటలతోనే మొదటి పేచీ. సంగటిని ఆంగ్లమున 'పారిడ్జి' యని వ్రాసినచో అతడు చెంచాతో త్రాగు జావను తలంచుకొనును. సంగటి గట్టి ముద్ద; నడుమ గుంట చేసి పులుసుకూర పోసికొని చేతితో తినవలసినది. ఊరిబిండిని 'చట్నీ' యన్నచో సీసాలో వచ్చు తీపి పచ్చడి అతనికి స్ఫురించును. ఇక 'కారము' అను మాటను చూడుడు: సీమలో అది రుచి పేరు, మిరపపొడి పేరు, దోసెపై పూయు ఎర్రని నూరుడు పేరు, గురెళ్ళ కారమువంటి పొడుల పేరు. నాలుగింటికి నాలుగు పరభాషాపదములు వెదకుట కంటె, 'కారము' అనియే వ్రాసి నాలుగు చోట్ల నాలుగు విధములుగా వాడి చూపుట మేలని మా అభిప్రాయము. పాఠకుడు బుద్ధిహీనుడు కాడు. పది పుటలు చదువునప్పటికి పసిబిడ్డవలెనే అతడును నేర్చుకొనును.

దేశాంతర పాఠకుడనగానే మన కన్నులు లండను వైపు, న్యూయార్కు వైపు పోవుట ఒక అలవాటు. జొన్న విషయమున ఇది బొత్తిగా సరిపడదు. జొన్న పుట్టినిల్లు ఈశాన్య ఆఫ్రికా. సూడాను దేశమున జొన్నపిండిని పులియబెట్టి పలుచని రేకుగా కాల్చి 'కిస్రా' యందురు. బొట్స్వానాలో జొన్నపిండిని గట్టిగా వండి 'బొగోబె' యని తిందురు. ఖార్టూములోని గృహిణికి జొన్నరొట్టెను గూర్చి వివరింపబోయినచో ఆమెయే మనకు నాలుగు సంగతులు చెప్పగలదు. ఆ మాటకు వచ్చినచో సీమకారము యొక్క మిరపయు, ఊరిబిండిలోని శెనక్కాయయు అమెరికా ఖండములలో పుట్టి సముద్రములు దాటి వచ్చినవి. ఆలూరు పళ్ళెములో 'అచ్చముగా మనది' అనదగినవి ఎన్ని యని లెక్కపెట్టబోయినచో చేతివ్రేళ్ళు చాలవరకు మిగిలిపోవును. దీనికి చిన్నబుచ్చుకొన నక్కరలేదు. పరదేశపు పాఠకునితో మాట కలుపుటకు ఇంతకన్న మంచి మొదలు లేదు.

ఐతే రుచి నొక్కదానినే చెప్పి ఊరకుండు భోజనస్మృతి సీమకు సరిపోదు. ఇక్కడి తిండిలో సగము కరవు వ్రాసినది. ధాత నామ సంవత్సరమున, అనగా 1876లో మొదలై 1878 వరకు సాగిన కరవులో బళ్ళారి, కర్నూలు జిల్లాలు మిక్కిలి నష్టపడెను. ఆలూరు అప్పుడు బళ్ళారి జిల్లాలోనిదే. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవుపనులలోని కూలిని తగ్గించి, పనిచేయు పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై కొద్ది చిల్లరను చాలుననెను. ఒక పౌననగా సుమారు 450 గ్రాములు. అది చాలదని చెన్నరాజధానిలోని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించెను. తుదకు ఆ కొలతను సడలింపవలసి వచ్చెను. అవ్వ చేతికే తెలియు కొలతలను గ్రాములలోనికి మార్చ యత్నించునపుడు ఈ సంగతి మాకు జ్ఞప్తికి వచ్చుచుండును. సీమవాని తిండిని తూచి వ్రాసినవారు వంటగత్తెల కంటె మునుపు కరవు అధికారులు! 1952 నాటి కరవులోను గంజికేంద్రములు నడిచినవి. ఆ గంజి త్రాగి పెరిగిన బిడ్డలు తరువాత అవ్వలైరి, తాతలైరి. పళ్ళెములో మెతుకు విడిచిన మనుమని వంక వారు చూచు చూపును ఏ పుస్తకపు కొలతల పట్టికలో చేర్చవలెను?

ఆకలి యందు వంటను తలచుకొనుట విచిత్రముగా తోచవచ్చును. కాని లోకమున మిక్కిలి ప్రసిద్ధమైన భోజనస్మృతులలో ఒకటి అట్లే పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున చెక్ దేశమందలి తెరెజీన్ నిర్బంధ శిబిరములో ఆకలితో కృశించుచున్న యూదు స్త్రీలు తమ ఇండ్లలో చేసికొన్న పిండివంటలను ఒకరికొకరు చెప్పుకొని కాగితములపై వ్రాసికొనిరి. అందొకతె మీనా పెఖ్టర్. ఆమె 1944లో అక్కడనే మరణించెను. తన కూతురునకు చేర్పుమని ఆమె ఒక మిత్రునికి అప్పగించిన ఆ వ్రాత చేతులు మారి, సుమారు పాతికేండ్లకు న్యూయార్కులో ఆ కూతురిని చేరెను. 1996లో అది ఆంగ్లమున గ్రంథముగా వెలువడెను. అందలి వంటకములలో కొన్నిటికి కొలతలు తప్పినవి, కొన్నిటికి పదార్థములు తప్పినవి. తప్పులు దిద్దవలెనని సంపాదకులు తొందరపడలేదు. ఆకలిగొన్న జ్ఞాపకము ఎక్కడ తడబడెనో పాఠకుడు చూచుటయే ఆ గ్రంథమునకు ప్రాణము.

మన సీమలో తడబాటు వేరొక దిక్కున జరుగుచున్నది. వరియన్నము పండుగనాటి అన్నముగా నుండిన ఇండ్లు ఇక్కడ నెన్నో. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము వచ్చిన పిమ్మట అది క్రమముగా నిత్యాన్నమైనది. ఇది పేదలకు గొప్ప మేలు. దీనిని తక్కువచేసి చెప్పువారితో మేమేకీభవింపము. ఐతే ఒక తరములోనే జొన్న, కొర్ర పళ్ళెము అంచునకు జరిగినవి. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించునప్పటికి, ఒకప్పుడు చుట్టము వచ్చినచో దాచిన రొట్టె నగరములలో పొట్లమై అమ్ముడుపోవుచుండెను. ఇప్పుడు కొందరు వ్రాయు స్మృతులలో పూర్వులందరును ఆరోగ్యము కొరకే జొన్నలు తినినట్లుండును. అది పొరపాటు. వేరేమియు పండలేదు గనుక తినిరి. తినగా తినగా దానిలో రుచిని కనుగొనిరి. ఈ రెండు వాక్యములలో ఏ ఒక్కటి విడిచినను దూరపు పాఠకునికి అబద్ధము చెప్పినట్లే.

మరియొక సంగతి. వంటల పుస్తకములు వ్రాయుటకు చదువును, తీరికయు, నిండిన వంటిల్లును వలయును. కావున వ్రాతకెక్కిన సీమవంట హెచ్చుగా కలిగిన ఇండ్ల వంట. ఆలూరు ప్రాంతమున వానలు తప్పిన యేడు కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి గుంటూరు మిరపచేలకు, బెంగుళూరు కట్టడపు పనులకు పోవుదురు. దీనిని 'సుగ్గికి పోవుట' యందురు. కన్నడమున సుగ్గి యనగా పంటకోతల పండుగకాలము. తమ చేలలో కోతలు లేక పరుల కోతలకు పోవువారి నోట ఆ మాట మిగిలినది. ఎండిన జొన్నరొట్టె దినముల తరబడి చెడదు గనుక దూరప్రయాణమునకు తగినది. ఆలూరి తిండి అమెరికా చేరుటకు చాల ముందే అన్యదేశపు గాలి సోకినది ఈ మూటలలోనే. చేని గట్టున మూడురాళ్ళ పొయ్యి మీద, క్రొత్తనీటితో, అరువు పెనముతో రొట్టె తట్టిన స్త్రీకి తెలిసినంత అనువాదవిద్య మాకు తెలియదు. ఆమె స్మృతి ఇంకను ఏ భాషలోను అచ్చుకాలేదు.

ఆ కుటుంబములలో బడికిపోయిన బిడ్డలు ఇప్పుడు కలరు. వారిచేత నున్న ఫోను రొట్టె తట్టు చప్పుడును పట్టుకొనుటకు చాలును. వ్రాయదలచినవారు కొలతలతో మొదలుపెట్టవలదని మా మనవి. గింజ ఎవరి చేనిది, నీరెంత దూరమునుండి వచ్చినది, ఆ దినమున రొట్టెలెన్ని యైనవి, అందరును తినిన పిమ్మట తట్టిన ఆమెకు ఎన్ని మిగిలినవి, ఇవి ముందడిగి అవ్వ చెప్పిన మాటలలోనే వ్రాసికొనవలెను. పిండి ఎన్ని గ్రాములో, నీరెంతయో పిమ్మట ఎవరైనను తూచి చూడవచ్చును.