ఆకు కూడా మందే

వార్డులో చేరిన ప్రతివారినీ మేము తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంటి దగ్గర ఏమైనా మందులు వాడుతున్నారా?" చాలామంది చెప్పే జవాబు, "మందులేమీ లేవు సిస్టరమ్మా, ఏదో ఆకు పసరు తప్ప." ఆ 'తప్ప' అన్న మాట దగ్గర మేము ఆగుతాము. ఏ ఆకు, ఎంత, ఎన్నాళ్లనుండి అని మళ్లీ అడుగుతాము. కొందరు నవ్వుతారు. కొందరు డాక్టరుగారు కోప్పడతారేమోనని దాచేస్తారు. మేము ఎందుకు అంతగా అడుగుతామో ఈ సంచికలో వివరిస్తున్నాము.

మొక్క కదలలేదు. పురుగు వచ్చినా మేక వచ్చినా పారిపోలేదు. గనుక తన్ను తాను కాపాడుకోవడానికి ఆకుల్లో కొన్ని రసాయనాలు తయారు చేసుకుంటుంది. జామాకు వగరుకు కారణం టానిన్లు. తులసి ఆకు నలిపితే వచ్చే ఘాటు వాసనలో యూజినాల్ ఉంటుంది. లవంగంలో ఉండేదీ అదే. ఆల్కలాయిడ్లు అనేవి సాధారణంగా చేదుగా ఉంటాయి. ఇవేవీ మన జబ్బుల కోసం పుట్టినవి కావు. కానీ మన ఒంట్లోకి వెళ్తే గుండె మీద, నరాల మీద, గర్భసంచి మీద పని చేయగలవు. పని చేసేది ఏదైనా, మోతాదు మించితే హాని కూడా చేస్తుంది.

అడ్డసరం సంగతి చూడండి. పశువులు ముట్టవు గనుక దీన్ని కంచెగా వేస్తారు. దగ్గుకు దీని ఆకు రసం మన పెద్దలు ఎప్పటినుండో వాడుతున్నారు, అది వట్టి నమ్మకం కాదు. ఆకులో వాసిసిన్ అనే ఆల్కలాయిడ్ ఉంది. దాని నమూనాగానే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారైంది. మీరు కొనే కొన్ని దగ్గు సిరప్‌ల సీసాల మీద ఆ పేరు కనబడుతుంది. అయితే ఈ వాసిసిన్‌కే గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం కూడా ఉంది. అత్తగారికి దగ్గు తగ్గించిన రసమే గదా అని నెలలు నిండని కోడలికి తాగించకూడదు.

ఆకుకు, విషానికి మధ్య దూరం ఎంత తక్కువో తెలియాలంటే డిగాక్సిన్ మాత్రను చూడాలి. ఇది డిజిటాలిస్ అనే మొక్క ఆకునుండి వచ్చింది. విలియం విథరింగ్ అనే ఇంగ్లీషు డాక్టరు ఆ ఆకుతో తాను చేసిన వైద్యాన్ని గురించి 1785లో పుస్తకం రాశాడు. ఒళ్లు నీరు పట్టిన రోగులకు ఎంత ఇస్తే మేలో, ఎంత ఇస్తే వాంతులు మొదలై నాడి మందగిస్తుందో చూసి రాసుకున్నాడు. నేడు వాడే మాత్రలో మందు 0.25 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో నాలుగు వేల వంతు. అంత చిన్న మాత్ర ఇవ్వబోయే ముందు కూడా నర్సు నిండుగా ఒక నిమిషం నాడి లెక్కపెడుతుంది. పెద్దవారికి 60 కన్న తక్కువ ఉంటే మాత్ర ఆపి డాక్టరుగారిని అడుగుతుంది. "పొద్దున్నే చెయ్యి పట్టుకుని గడియారం చూస్తారెందుకు?" అని అడిగేవారికి ఇదే జవాబు. ఇక మన దొడ్లలో ఉండే గన్నేరు, పచ్చ గన్నేరులలో ఇదే జాతి రసాయనాలున్నాయి. ఆ ఆకులో ఎంత మందు ఉందో కొలిచేవారెవరు? ముదురాకు, లేతాకు, వానాకాలం, ఎండాకాలం, అన్నిటా తేడాయే.

బిళ్ళ గన్నేరు వేరే మొక్క. చక్కెర జబ్బుకు దీని ఆకులు నమిలేవారు మన ప్రాంతంలో చాలామంది ఉన్నారు. జమైకాలో కూడా ఇదే వాడుక ఉండేది. 1950లలో కెనడా శాస్త్రజ్ఞులు అక్కడినుండి ఆకులు తెప్పించి ఎలుకల మీద పరీక్షించారు. రక్తంలో చక్కెర తగ్గలేదు, తెల్ల కణాలు తగ్గిపోయాయి! తెల్ల కణాలు విపరీతంగా పెరిగే జబ్బుకు ఇది పనికొస్తుందని అప్పుడు తట్టింది. అలా విన్‌బ్లాస్టిన్, తర్వాత విన్‌క్రిస్టిన్ వచ్చాయి. విన్‌క్రిస్టిన్ నేటికీ పిల్లల రక్త క్యాన్సరు చికిత్సలో ముఖ్యమైన మందు. ఒక గ్రాము తీయడానికి వందల కిలోల ఎండాకు కావాలి. సాధారణంగా ఒక్కసారికి 2 మిల్లీగ్రాములు మించకుండా, నరానికి మాత్రమే ఎక్కిస్తారు. చక్కెర కోసం ఆ ఆకులు నమలడం మానేయమనే మేము చెబుతాము.

పొడపత్రి అలా కాదు, అందులో కొంత సత్యముంది. ఆకు నమిలి చక్కెర నోట్లో వేసుకోండి, ఇసుకలా ఉంటుంది. జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని కాసేపు అడ్డుకుంటాయి. రక్తంలో చక్కెరను కొంత తగ్గించవచ్చు కూడా. కాబట్టే మాత్రలతోనో ఇన్సులిన్‌తోనో కలిపి చెప్పకుండా వాడితే, చక్కెర మరీ పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పే ప్రమాదముంది.

పచ్చకామెర్లకు నేల ఉసిరి అందరికీ తెలుసు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి ఉన్నవారికి దీన్నిచ్చి మంచి ఫలితం వచ్చిందని ప్రచురించారు. తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రుజువు కాలేదు. కలుషిత నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. తాగేవారితో మేము వాదించము గాని, కంట్లో, ముక్కులో పసరు పోయించుకోవడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు, కన్ను దెబ్బతింటుంది. కామెర్లున్న మనిషి మగతగా ఉన్నా, మాట తడబడినా, గర్భిణీ అయినా ఒక్కరోజు కూడా ఆగవద్దు. డెంగ్యూలో బొప్పాయి ఆకు రసం గురించి కూడా అంతే. ప్లేట్‌లెట్లు కొంత పెరుగుతాయని కొన్ని పరీక్షలు చెబుతున్నా, ప్రాణం నిలిపేది సరైన వేళకు ఇచ్చే ద్రవాలే.

కూరాకు విషయం కూడా చెప్పాలి. గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్ గాని ఎసిట్రోమ్ గాని వేసుకునేవారికి పాలకూర, తోటకూర, మునగాకుల్లోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పని చేస్తుంది. అలాగని ఆకుకూరలు మానేయకండి. వారానికి ఎంత తింటారో ఇంచుమించు అంతే తింటూ ఉండండి. ఉన్నట్టుండి మునగాకు పొడి మొదలుపెట్టినా, ఉన్న అలవాటు మానినా, ఐఎన్ఆర్ పరీక్షకు వచ్చినప్పుడు చెప్పండి.

కాబట్టి ఆసుపత్రికి వచ్చేటప్పుడు మాత్రల చీటీతోపాటు మీరు వాడే ఆకు పేరు కూడా రాసుకుని రండి. పేరు తెలియకపోతే ఒక రెమ్మ తెంపి తెండి. మేము కోప్పడము. పిల్లలెవరైనా గన్నేరు ఆకో కాయో నోట్లో పెట్టుకున్నారని అనుమానం వస్తే, ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. నోట్లో ఉన్నది తీసేసి, వెంటనే 108కి ఫోను చేసి, కొరికిన ముక్కను కూడా సంచిలో వేసి తీసుకు రండి.